కెమెరా పట్టే ముందు కాగితం పట్టండి
(కళాశాల జీవితంపై డాక్యుమెంటరీ తీయదలచిన విద్యార్థులకు షాట్ల ప్రణాళిక గురించి నాలుగు మాటలు)

 

మన ట్రస్టు ఉపకార వేతనంతో చదువుకుంటున్న యానాం పిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, మా కాలేజీ జీవితం మీద పది నిమిషాల డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నామండి. ఫోన్లున్నాయి, ఎడిటింగ్ మావాడికి వచ్చు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగారు. "ఫోన్లు జేబులో పెట్టుకుని తలా ఒక తెల్లకాగితం తీయండి" అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెమెరా గురించి అడగడానికి వస్తే ఈయనేమిటి కాగితం అంటున్నాడని అనుకుని ఉంటారు. ఆ రోజు వాళ్ళకు చెప్పిన విషయాలు మిగిలిన పిల్లలకు కూడా పనికొస్తాయన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను సినిమా మనిషిని కాను. మీలాగే ఉపకార వేతనంతో డిగ్రీ పూర్తి చేసి, ఉపాధ్యాయ వృత్తిలో స్థిరపడినవాణ్ణి. షాట్ల ప్రణాళిక ఎంత అవసరమో పుస్తకాలు చదివి కాదు, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. ముందుగా ఆ తప్పు గురించి చెప్పాలి.

మేము చేసిన తప్పు

అది 2004వ సంవత్సరం. నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కాలేజీ వార్షికోత్సవానికి "మన కళాశాల జీవితం" అనే పేరుతో వీడియో తీయాలని మా మిత్రబృందం సంకల్పించింది. పెళ్ళిళ్ళకు వీడియో తీసే ఆయన దగ్గర రెండు రోజులకు కెమెరా అద్దెకు తెచ్చాం. ఒక్కొక్కటి 60 నిమిషాల చొప్పున రెండు క్యాసెట్లు కొన్నాం. ఏం తీయాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ లేదు. పూలమొక్కలు తీశాం, భవనం తీశాం, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం తీశాం. చేతిలో జూమ్ బటన్ ఉంది కదా అని ప్రతి దృశ్యంలోనూ ముందుకీ వెనక్కీ లాగాం.

రెండో రోజు మధ్యాహ్నం, "పేద విద్యార్థుల కష్టాలు కూడా చూపిస్తే బాగుంటుంది" అని మాలో ఒకడు అన్నాడు. అదే సమయంలో మా స్నేహితుడు ఒకడు చెట్టు కింద ఒంటరిగా కూర్చుని, స్టీలు కారేజీలోంచి పచ్చడన్నం గబగబా తింటున్నాడు. వాడు లంక గ్రామం నుంచి నావ దాటి, ఆ తర్వాత సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. నేను మేడ మీద వరండాలో నిలబడి, వాడికి తెలియకుండా జూమ్ చేసి ఆ షాట్ తీశాను. తర్వాత దానికి విషాద సంగీతం జోడించాం.

వార్షికోత్సవం రోజున ఆ వీడియో వేశారు. వాడు వాళ్ళమ్మతో కలిసి మూడో వరుసలో కూర్చున్నాడు. తెర మీద కొడుకు ముద్ద పెద్దగా కనపడగానే ఆవిడ తల దించుకుంది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పరీక్షలు అయ్యేవరకు మాతో కలిసి భోజనానికి కూర్చోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక శుభకార్యంలో కలిసినప్పుడు నేనే ఆ సంగతి ఎత్తి క్షమాపణ అడిగాను. వాడు నవ్వి ఇలా అన్నాడు: "ఒరే, నేను ఒంటరిగా తిన్నది దిగులుతో కాదురా. పావుగంటలో తినేస్తే గంట కొట్టేలోగా లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ దొరికేది. ఫ్యాను గాలి కూడా అక్కడే వచ్చేది. నన్ను అడిగుంటే నేనే చూపించేవాణ్ణి కదరా."

మేము తీసిన షాట్‌లో కల్పితం ఏమీ లేదు. వాడు తినడం నిజం, పచ్చడన్నం నిజం. కానీ వాడు ఎందుకలా తింటున్నాడో మేము తెలుసుకోలేదు కాబట్టి, మొత్తం మీద అది అబద్ధమైపోయింది. ముందురోజు కూర్చుని, "ఈ షాట్ ఎందుకు? ఎక్కడి నుంచి తీస్తాం? ఇందులో ఉన్న మనిషిని అడిగామా?" అని మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఉంటే ఆ తప్పు జరిగేది కాదు. షాట్ల ప్రణాళిక అంటే నా దృష్టిలో ఈ మూడు ప్రశ్నలే. మిగిలినదంతా లెక్కలూ ఏర్పాట్లూను.

ముందు చూడటం నేర్చుకోవాలి

విద్యాసంస్థ జీవితాన్ని డాక్యుమెంటరీగా తీసిన పెద్దలు ఏం చేశారో కొంచెం తెలుసుకుందాం. ఇందుకు విదేశాల దాకా వెళ్ళనక్కరలేదు, మంచి ఉదాహరణ మన తెలుగునేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల గురించి మీరు వినే ఉంటారు. డేవిడ్ మెక్‌డూగల్ అనే దర్శకుడు ఆ పాఠశాలలో "స్కూల్‌స్కేప్స్" అనే చిత్రం తీశారు. అది 2007లో వచ్చింది. నిడివి 77 నిమిషాలు. అందులో ప్రతి దృశ్యం ఒకే ఒక్క షాట్. మధ్యలో కోత లేదు. దర్శకుడు ఒక చోటు ఎంచుకుని, అక్కడ జరిగేదాన్ని ఓపికగా చూస్తాడు, మనకూ చూపిస్తాడు. ఏ అభిప్రాయమూ లేకుండా ఊరికే చూడటం గురించి కృష్ణమూర్తి గారు చెప్పిన మాటల ప్రభావం ఆ చిత్రం మీద ఉంది.

ఈ దర్శకుడే అంతకుముందు డెహ్రాడూన్‌లోని డూన్ స్కూలు మీద ఐదు చిత్రాలు తీశారు. వాటిలో మొదటిది "డూన్ స్కూల్ క్రానికల్స్", 2000 సంవత్సరంలో వచ్చింది. పిల్లల దుస్తులు, రోజూ వాడే వస్తువులు, నిలబడే తీరు, కూర్చునే తీరు వంటి చిన్న విషయాల ద్వారా ఒక పాఠశాల పిల్లల్ని ఎలా మలుస్తుందో ఆయన చూపించారు. అమెరికాలో ఫ్రెడరిక్ వైజ్‌మన్ అనే మరో దర్శకుడు బర్క్‌లీ విశ్వవిద్యాలయం మీద 2013లో "ఎట్ బర్క్‌లీ" అనే నాలుగు గంటల చిత్రం తీశారు. అందులో వ్యాఖ్యానమూ లేదు, కెమెరా ముందు కూర్చోబెట్టి అడిగే ఇంటర్వ్యూలూ లేవు.

ఒకే షాట్‌తో కథ చెప్పడం అన్నది సినిమా పుట్టిననాటి పద్ధతే. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి తమ చిత్రాలను ప్రదర్శించారు. వాటిలో ఒకటి, పని ముగిశాక ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి రావడం. ఒక నిమిషం కూడా ఉండదు. కెమెరా కదలదు. అయినా ఈనాటికీ చూస్తుంటే ఆ మనుషుల నడక, తొందర, దుస్తులు అన్నీ కళ్ళకు కడతాయి. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివారి పాలనలోనే ఉంది. మరుసటి ఏడు, 1896 జూలై 7న, ఆ సోదరుల చిత్రాలను బొంబాయిలో ప్రదర్శించారు. నూట ముప్ఫై ఏళ్ళు గడిచాయి. కానీ గేటు ఎదురుగా కెమెరా కదలకుండా నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళను ఒక నిమిషం తీయడం ఈనాటికీ మంచి మొదటి పాఠమే.

అందుకని యానాం పిల్లలకు నేను ఇచ్చిన మొదటి పని ఇది: కెమెరా లేకుండా, కాలేజీ గేటు దగ్గర ఉదయం ఒక గంట కూర్చోండి. చూసినది చూసినట్టు కాగితం మీద రాయండి. "బాగుంది", "పాపం", "సందడిగా ఉంది" వంటి మాటలు రాయవద్దు. ఎవరు, ఎన్నింటికి, ఎటునుంచి, చేతిలో ఏముంది, వచ్చి ఏం చేశారు, అంతే.

మర్నాడు నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాం. నలుగురూ గమనించిన విషయం ఒకటి కనిపించింది. కాకినాడ వైపు ఊళ్ళ నుంచి, వారధి దాటి ఎదుర్లంక, మురమళ్ళ వైపు నుంచి వచ్చే పిల్లల్లో కొందరు గంటకు పైగా ముందే వచ్చేస్తున్నారు. తర్వాతి బస్సు ఎక్కితే మొదటి క్లాసు పోతుంది, అందుకని ముందు బస్సు పట్టుకుంటున్నారు. వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని నోట్సు రాసుకుంటున్నారు, ఒకరికొకరు పాఠం చెప్పుకుంటున్నారు, ఒకమ్మాయి కారేజీలోంచి టిఫిను తింటోంది. రోజూ అదే కాలేజీకి వెళుతున్న మన పిల్లలు ఈ సంగతి అంతవరకు గమనించనే లేదు. ఎందుకంటే నలుగురూ యానాం ఊళ్ళోవాళ్ళే, గంట కొట్టే వేళకు వెళ్ళేవాళ్ళే!

ఒక్క వాక్యం రాసుకోండి

"కళాశాల జీవితం" అనేది చాలా పెద్ద విషయం. పది నిమిషాల్లో క్లాసులు, ఆటలు, ఎన్.ఎస్.ఎస్., వార్షికోత్సవం, క్యాంటీను, పరీక్షలు అన్నీ చూపాలనుకుంటే దేన్నీ చూపలేం. అది కాలేజీ ప్రకటనలా తయారవుతుంది. అందుకని మీ చిత్రం దేని గురించో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. మన పిల్లలు రాసుకున్న వాక్యం ఇది: "గంట కొట్టకముందే మా కాలేజీ మొదలవుతుంది."

ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించమన్నాను. ఏ షాట్ గురించి వాదన వచ్చినా ఆ వాక్యంతో సరిచూసుకోవాలి. యానాం టవరు మీదినుంచి గోదావరి అందాలు తీద్దామని ఒకరన్నారు. గౌతమి పాయ నిజంగానే అందమైనది. కానీ మన వాక్యానికి దానితో ఏం పని? నదిని ఆ పిల్లలు బస్సు కిటికీలోంచి వారధి మీద చూస్తారు కాబట్టి, అక్కడినుంచే చూపిస్తే చాలని తేల్చారు. ఈ విధంగా వాక్యం ఉంటే కొన్ని షాట్లు వాటంతటవే రాలిపోతాయి, కొన్ని వాటి చోటు అవే వెతుక్కుంటాయి.

షాట్ల రకాలు, వాటి అర్థం

షాట్లలో ముఖ్యంగా మూడు రకాలు. మనిషి చుట్టూ ఉన్న పరిసరాలు కూడా కనిపించేది లాంగ్ షాట్. "ఎక్కడ" అన్న ప్రశ్నకు ఇది జవాబు చెబుతుంది. నడుము నుంచి పైకి కనిపించేది మిడ్ షాట్. "ఎవరు, ఏం చేస్తున్నారు" అన్నదానికి జవాబు. మొహం గాని, చేతులు గాని, ఒక వస్తువు గాని తెరనిండా కనిపించేది క్లోజప్. "దేన్ని గమనించాలి" అన్నదానికి జవాబు. ఈ మూడూ తగు పాళ్ళలో ఉంటేనే దృశ్యం పూర్తవుతుంది. అన్నీ లాంగ్ షాట్లయితే మనుషులు తెలియరు. అన్నీ క్లోజప్‌లయితే చోటు తెలియదు.

కెమెరా ఎత్తు కూడా ముఖ్యమే. మేడ మీదినుంచి కిందికి చూసి తీస్తే మనిషి చిన్నగా, నిస్సహాయంగా కనిపిస్తాడు. నేను 2004లో చేసింది అదే. నేల మీద కూర్చున్న మనిషిని తీయాలంటే మనం కూడా నేల మీద కూర్చుని, వారి కళ్ళ ఎత్తులో కెమెరా పెట్టాలి. జూమ్ వాడటం కంటే దగ్గరికి నడిచి వెళ్ళడం మేలు. ఫోనులో జూమ్ చేస్తే బొమ్మ నాణ్యత తగ్గవచ్చు. అంతకంటే ముఖ్యమైనది, దగ్గరికి వెళ్ళాలంటే ఆ మనిషితో మాట్లాడాలి. దూరం నుంచి జూమ్ చేసేవాడికి ఆ అవసరం ఉండదు.

ఇంకొక నియమం గుర్తుంచుకోండి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటుంటే వారి మధ్య ఒక గీత ఉందనుకోండి. కెమెరా ఎప్పుడూ ఆ గీతకు ఒక పక్కనే ఉండాలి. గీత దాటి అవతలికి వెళ్ళి తీస్తే, తర్వాత రెండు షాట్లను కలిపినప్పుడు ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు కనిపిస్తారు. బస్సు విషయంలోనూ అంతే. ఒక షాట్‌లో ఎడమ నుంచి కుడికి వెళ్ళిన బస్సు మరో షాట్‌లో కుడి నుంచి ఎడమకు వస్తే, చూసేవాడు అది వెనక్కి తిరిగి వస్తోందనుకుంటాడు.

షాట్ల పట్టిక

ఇప్పుడు నోటుపుస్తకంలో పట్టిక గీయండి. వరుస సంఖ్య, చోటు, సమయం, షాట్ రకం, ఎన్ని సెకన్లు, ధ్వని, అనుమతి, ఎందుకు అని ఎనిమిది గడులు ఉండాలి. చివరి గడి ఖాళీగా ఉంటే ఆ షాట్ కొట్టేయండి. మన పిల్లలు మొదటి దృశ్యానికి రాసుకున్న షాట్లు ఉదాహరణగా ఇస్తున్నాను.

1. ఉదయం 7.40. రోడ్డుకు అవతలి పక్క నుంచి లాంగ్ షాట్. మూసి ఉన్న గేటు. 20 సెకన్లు. కెమెరా కదలదు.
2. అక్కడి నుంచే. బస్సు వచ్చి ఆగడం, పిల్లలు దిగడం, బస్సు వెళ్ళిపోవడం. 40 సెకన్లు. కోత ఉండదు.
3. మిడ్ షాట్. వాచ్‌మన్ గారు గేటు తాళం తీయడం. 15 సెకన్లు.
4. క్లోజప్. తాళంచెవి, గొలుసు, చేతులు. 10 సెకన్లు. గొలుసు చప్పుడు స్పష్టంగా రావాలి.
5. మిడ్ షాట్. మెట్ల మీద కూర్చున్న అమ్మాయి. కెమెరా ఆమె కళ్ళ ఎత్తులో. 20 సెకన్లు.
6. క్లోజప్. నోటుపుస్తకం, రాస్తున్న చేయి. 10 సెకన్లు.
7. ఆమె తలెత్తితే కనిపించే దృశ్యం. ఖాళీ వరండా, వరుసగా మూసిన తలుపులు. 15 సెకన్లు.
8. ఉదయం 9.25. మొదటి షాట్ తీసిన చోటే, అదే ఎత్తులో. నిండిపోయిన గేటు, గంట మోత. 20 సెకన్లు.

ఒకటో షాట్, ఎనిమిదో షాట్ ఒకే చోటు నుంచి తీయడం వల్ల, మాట అవసరం లేకుండానే చూసేవారికి కాలం గడిచిన సంగతి తెలుస్తుంది. ఆ చోటు మర్చిపోకుండా ట్రైపాడ్ కాళ్ళు పెట్టినచోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. ట్రైపాడ్ లేకపోతే స్టూలు, దాని మీద రెండు పుస్తకాలు చాలు.

లెక్క వేసుకోండి

పది నిమిషాలంటే 600 సెకన్లు. సగటున ఒక్కో షాట్ 8 సెకన్లు తెర మీద ఉంటే 75 షాట్లు కావాలి. క్లాసులు పోగొట్టుకోకుండా రోజుకు 20 షాట్లకు మించి బాగా తీయలేరు. అంటే నాలుగు రోజుల పని. ప్రతి షాట్ మొదటా చివరా ఐదేసి సెకన్లు ఎక్కువ ఉంచండి, ఎడిటింగ్‌లో పనికొస్తాయి. మొత్తం మీద 60 నిమిషాల ఫుటేజీకి మించి తీయవద్దని మన పిల్లలకు హద్దు పెట్టాను. చాలా ఫోన్లలో ఒక గంట ఫుల్ హెచ్.డి. వీడియోకు సుమారు 8 జీబీ చోటు పడుతుంది. ఆ రోజు తీసినదాన్ని ఆ రాత్రే రెండు చోట్ల భద్రపరచండి.

వెలుతురు చూసుకోవాలి. మన ప్రాంతంలో ఉదయం 9 గంటల లోపు, సాయంత్రం 4 తర్వాత ఎండ ఏటవాలుగా పడి మొహాలు బాగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం కళ్ళ కింద నీడలు పడతాయి, ఆ వేళ వరండాల్లోనూ గదుల్లోనూ తీసే షాట్లు పెట్టుకోండి. ట్యూబులైటు కింద తీసేటప్పుడు బొమ్మ మినుకుమినుకుమంటే, ఫోనులో సెకనుకు 25 ఫ్రేములు, షటరు వేగం సెకనులో 50వ వంతు పెట్టి చూడండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. ఫోను ఎప్పుడూ అడ్డంగానే పట్టుకోవాలి.

ధ్వనిని కూడా పట్టికలో రాసుకోవాలి. నది ఒడ్డున గాలి మైకులో పడితే మాటలు ఒక్కటీ వినపడవు. మాట్లాడే మనిషిని గాలికి చాటుగా, గోడ పక్కన కూర్చోబెట్టండి. రెండో ఫోను ఆయన దగ్గరగా పెట్టి మాట వేరుగా రికార్డు చేయండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల నిశ్శబ్దం రికార్డు చేసుకోండి. ఖాళీ గదికి, చెట్టు కిందికి, బస్టాండుకు దేని నిశ్శబ్దం దానిదే. షాట్లు అతికేటప్పుడు అది పనికొస్తుంది. సినిమా పాటలు వాడకండి. వాటికి హక్కుదారులుంటారు. ఆ పైన, నేను 2004లో విషాద సంగీతంతో చేసిన పని గుర్తుంచుకోండి.

అనుమతి

ప్రిన్సిపాల్ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. 18 ఏళ్ళు నిండనివారిని తీయాలంటే వారి తల్లిదండ్రుల సంతకం ఉండాలి. డ్రోన్ల జోలికి పోవద్దు. వాటికి 2021 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి. ఇవన్నీ కాగితం మీది అనుమతులు. అసలైన అనుమతి ఎలా ఉంటుందో మన పిల్లల అనుభవం చెబుతాను.

మెట్ల మీద కూర్చునే ఆ అమ్మాయి తీయడానికి ఒప్పుకుంది గాని, "మా అమ్మను అడగాలి" అంది. రెండు రోజుల తర్వాత వాళ్ళమ్మగారే వచ్చారు. చేపల వ్యాపారం చేసే ఆవిడ. నా ఎదురుగా కూర్చుని, "మాస్టారండీ, మా పిల్లని ఏదో దిక్కులేనిదానిలా చూపించరు కదండీ? రేపు నలుగురూ అదే చెప్పుకుంటారు" అన్నారు. నాకు మా స్నేహితుడి తల్లి తల దించుకోవడం కళ్ళముందు మెదిలింది.

సమాధానంగా పిల్లలు షాట్ల పట్టిక ఆవిడ ముందు పెట్టి, ఒక్కొక్కటీ చదివి వినిపించారు. ఏది ఎక్కడి నుంచి తీస్తారో, ఎంతసేపు కనిపిస్తుందో చెప్పారు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. అమ్మాయి టిఫిను తినే షాట్ దగ్గర ఆపి, "అదొద్దమ్మా" అన్నారు. మారు మాట్లాడకుండా కొట్టేశారు. కాసేపాగి ఆవిడే అన్నారు: "నేను నాలుగున్నరకి లేచి కారేజీ కడతానండి. అది ఎవరికీ తెలీదు. వంటిల్లు మాత్రం తియ్యొద్దు." అప్పుడు మన పిల్లల్లో ఒకమ్మాయి, "ఆంటీ, వంటింటి చప్పుడు మాత్రం రికార్డు చేసుకోమా?" అని అడిగింది. ఆవిడ నవ్వి సరేనన్నారు. ఆ విధంగా గిన్నెల చప్పుడు, కారేజీ మూత పడిన చప్పుడు, మూసిన గేటు షాట్ మీద వినిపించేలా పట్టికలో చేరాయి. మా నలుగురు పిల్లలూ ఎంత ఆలోచించినా తట్టని షాట్ అది. అడిగితే వచ్చింది.

ఆ పట్టికే లేకపోతే ఆవిడకు మేము ఏమని చెప్పగలిగేవాళ్ళం? "మంచిగానే తీస్తామండి" అని నోటిమాట చెప్పేవాళ్ళం. రాసుకున్న ప్రణాళిక ఉంటే ఎదుటివారు దాన్ని చూడగలరు, కాదనగలరు, దిద్దగలరు. అందుకే ప్రణాళిక మన సౌకర్యం కోసమే కాదు, మనం తీయబోయే మనుషుల కోసం కూడా.

అలాగని ప్రణాళికకు కట్టుబడి కళ్ళు మూసుకోకూడదు. తీసే రోజున పట్టికలో లేనిది ఏదైనా కంటపడితే తీయండి, సాయంత్రం పట్టికలో చేర్చండి, అందులో ఉన్న మనిషిని అడగండి. చిత్రం పూర్తయ్యాక ముందుగా చూపించవలసింది కాలేజీ వారికి కాదు, స్నేహితులకు కాదు. అందులో కనిపించిన వారికి. వారు తీసేయమన్నది తీసేయాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

"కెమెరా పట్టుకుని తిరిగితే చదువు పాడవుతుందేమో" అన్న మీ భయం సహజమే. హద్దు లేకపోతే పాడవుతుంది కూడా. అందుకే నాలుగు రోజులు, 60 నిమిషాలు అని లెక్క పెట్టాం. పరీక్షలకు నెల రోజుల ముందు ఇటువంటి పని పెట్టుకోనివ్వకండి. కొత్త ఫోను, కొత్త కెమెరా అవసరం లేదు. నలుగురిలో ఎవరి ఫోను బాగుంటే అది చాలు. మిగిలిన ముగ్గురూ పట్టిక, ధ్వని, అనుమతుల పని చూసుకోవచ్చు.

దీనివల్ల వారికి వచ్చేది ఏమిటంటే, ఒక పనిని ముక్కలుగా విడదీసి ఆలోచించడం, కాలం లెక్క కట్టడం, పెద్దలతో మర్యాదగా మాట్లాడి ఒప్పించడం. ఇవి ఏ ఉద్యోగానికైనా పనికొస్తాయి. నిజంగా ఆసక్తి, ప్రతిభ ఉన్న పిల్లలకు ఈ దారిలో చదువు కూడా ఉంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ మీడియా, మాస్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ కోర్సులున్నాయి. పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రాయ్ సంస్థ కేంద్ర ప్రభుత్వం నడిపేవి. డిగ్రీ పూర్తిచేసి ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ముందు డిగ్రీ పూర్తి కావాలన్న సంగతి పిల్లలకు గట్టిగా చెప్పండి.

మన పిల్లల చిత్రం ప్రస్తుతం ఎడిటింగ్‌లో ఉంది. ఎలా వస్తుందో చెప్పలేను, మొదటి ప్రయత్నంలో లోపాలు ఉండనే ఉంటాయి. మొదటి ప్రదర్శన ఆ అమ్మాయి ఇంట్లో, వాళ్ళమ్మగారి ఎదుట అని మాత్రం నిర్ణయించుకున్నారు. నన్ను కూడా రమ్మన్నారు. మా స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళదామనుకుంటున్నాను. ఫోను చేసి విషయం చెబితే వాడు ముందుగా అడిగిన ప్రశ్న, "అందులో లైబ్రరీ కిటికీ ఉందా?" అని. ఉంది. పట్టికలో 31వ షాట్. అడిగిన తర్వాతే తీశాం.